రెండవ ముల్లు

ముల్లును ముల్లుతోనే తీయవలెనని లోకోక్తి. కాలిలో ముల్లు విరిగినవాడు దారి పక్కనున్న తుమ్మకొమ్మనుండి మరియొక ముల్లు తుంచి, దానితో మొదటిదానిని పెల్లగించును. ఉపాయము మంచిదే. కాని పని ముగిసిన పిదప అతడు చేయునదేమి? రెండు ముళ్లను కలిపి పొదలోనికి విసరివైచి తన దారిని తాను పోవును. మొదటిది కాలిని గాయపరచినది, రెండవది కాలిని కాపాడినది. విసరునప్పుడు ఆ భేదము ఎవనికిని స్ఫురింపదు. ముళ్ల విషయమున అది తప్పు కాదు. రాజ్యము ఈ సామెతను మనుష్యులపై ప్రయోగించినప్పుడే తప్పు ఆరంభమగును.

బస్తరు అడవులలో 2005వ సంవత్సరము మొదలుకొని ఈ ప్రయోగము జరిగినది. మావోయిస్టు తుపాకిని ఎదుర్కొనుటకు ఆదివాసి యువకుని చేతికే తుపాకి నిచ్చి ముందు నిలిపిరి. ఆ పని నీతికి కొంత ఎడమైనను కార్యసాధకమైనదనియు, న్యాయస్థానము నీతి పేర దానిని ఆపుట వలననే హింస మరికొన్ని యేండ్లు సాగినదనియు వాదించువారు కలరు. వినుటకు ఈ వాదము గట్టిగా తోచును. పరీక్షించినచో రెండు విధముల నిలువదు. నీతిని విడిచి సాధించితిమన్న కార్యము సాధింపబడలేదు. న్యాయస్థానము ఆపినదన్న ప్రయోగము ఆగలేదు. అంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. ఈ వాదములో రెండవ ముల్లు మాట ఎవరును ఎత్తరు.

బస్తరు తెలుగువారికి పరాయి సీమ కాదు. ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి అచ్చట రాజ్యము స్థాపించెనని ఐతిహ్యము. దంతేవాడలోని దంతేశ్వరి ఆ వంశమునకు ఇలవేల్పు. ఇంద్రావతి, శబరి నదులు ఆ అడవుల నీటిని గోదావరిలో కలుపును. బైలదిల్లా కొండల ఇనుప రాయి 1960వ దశకమున వేసిన రైలుదారి వెంట అరకు మీదుగా విశాఖ రేవునకు దిగివచ్చును. ఇటునుండి అటు రాజు వెళ్లెను, వర్తకుడు వెళ్లెను, రైలు వెళ్లెను. 1980లో తుపాకి వెళ్లెను. ఆ యేడు గోదావరి దాటిన పీపుల్స్‌వార్ దళముల నాయకులు మాటాడిన భాష తెలుగు. వారిని అనుసరించినవారి భాషలు గోండి, దోర్లి, హల్బీ. ఆ ఉద్యమపు అగ్రపీఠమున తెలుగువారి ప్రాబల్యము నాలుగు దశాబ్దములు తరుగలేదు. కనుక బస్తరు కథను దూరము నుండి విని నిట్టూర్చి ఊరకుండు వీలు తెలుగు పాఠకునకు లేదు. ఆ కథలో అతనికి చుట్టరికము కలదు.

దళములు వెళ్లునప్పటికి ఆదివాసి ఎరిగిన రాజ్యమనగా ఫారెస్టు గార్డు, పట్వారీ, తునికాకు గుత్తేదారు. తన అడవిలో తాను కట్టె కొట్టినందుకు కోడిని, సారాయిని, ఒక్కొక్కచోట ఇంటి ఆడపడుచు మానమును సమర్పించుకొనవలసిన దుఃస్థితి. దళములు తునికాకు కట్టకు కూలి పెంపించిరి. గార్డుల మామూళ్లు మాన్పించిరి. విశ్వాసము అట్లు పుట్టినది. పుట్టిన విశ్వాసమును వారే పిదప భయముగా మార్చిరి. ప్రజాన్యాయస్థానమను పేర ఊరి నడుమ ఇన్ఫార్మరు ముద్ర వేసి, పెండ్లాము బిడ్డలు చూచుచుండగా మనుష్యుల ప్రాణములు తీసిరి. బాలసంఘములు పెట్టి పిల్లలను తమ యుద్ధమునకు తరిఫీదు చేసిరి. బడుల గోడలు కూల్చిరి. పలక పట్టవలసిన చేతికి మొట్టమొదట తుపాకి నిచ్చినది వారే. ఈ మాట చెప్పక రాజ్యమును మాత్రమే నిందించువాడు సగము సత్యమును దాచినవాడగును. అయినను తిరుగుబాటుదారునకును రాజ్యమునకును ఒక భేదము ఉండవలెను. మొదటివాడు రాజ్యాంగమును తిరస్కరించి అడవికి పోయినవాడు. రాజ్యము ఆ రాజ్యాంగము పేరనే అడవికి వచ్చినది. తిరుగుబాటుదారుడు చేసెను గనుక మేమును చేసితిమనునది దొంగ చెప్పదగిన సమాధానమే గాని తలారి చెప్పదగినది కాదు.

2005 జూన్‌లో నాటి దంతేవాడ జిల్లాకు చెందిన కుట్రు ప్రాంతమున సల్వా జుడుం పుట్టినది. దానికి ముందు నిలిచిన మహేంద్ర కర్మ స్వయముగా ఆదివాసి, కాంగ్రెసు పక్షమువాడు, శాసనసభలో ప్రతిపక్ష నాయకుడు. వెనుక నిలిచినది రమణ్ సింగ్ నాయకత్వమున భారతీయ జనతా పక్షపు ప్రభుత్వము. పాలకపక్షమును ప్రతిపక్షమును ఒకే బండికి కట్టిన ఎడ్లయినప్పుడు బండి ఎటు పోవుచున్నదని అడుగువాడు శాసనసభలో మిగులడు. ప్రజలు తమంతట తామే లేచిరని ప్రభుత్వము చెప్పినది. దళముల పెత్తనముపై కొన్ని ఊళ్లలో కోపము ఉండిన మాట నిజమే. ఆ కోపమునకు చట్టము తోడు నిలిచి, ఫిర్యాదును విని, నేరస్థుని పట్టి, సాక్షికి రక్షణ నిచ్చి యుండినచో అది రాజధర్మమయ్యెడిది. జరిగినది వేరు. ఊరు విడిచి రహదారి పక్క శిబిరమునకు వచ్చినవాడు మిత్రుడు, రానివాడు శత్రువు అను నియమము అమలైనది. సుమారు 50,000 మంది శిబిరములకు చేరిరి. అంతకంటె పెక్కుమంది అడవి లోతునకో, గోదావరి దాటి తెలుగు నేలకో పారిపోయిరి. ఊళ్లు కాలినవి, పొలములు బీడుపడినవి. ఇరుపక్షములకు నడుమ నిలువదలచినవానికి కాలు మోపు చోటు లేకపోయినది.

ఆ ఉద్యమమునకు పెట్టిన పేరును గమనింపవలెను. ప్రభుత్వ ప్రకటనలు దానిని హిందీలో శాంతియాత్ర యని అనువదించినవి. గోండిలో జుడుం అనగా ఊరివారందరు కూడి వేటకు వెడలుట యని ఆ భాష నెరిగినవారు చెప్పుదురు. రాజధానిలోని పత్రిక యాత్ర యని చదివినది. అడవిలోని తల్లి వేట యని విన్నది. ఒకే మాట రెండు చెవులకు రెండు అర్థములను ఇచ్చినప్పుడు ఏ అర్థము నిజమో తెలిసికొనుటకు నిఘంటువుతో పనిలేదు. కాలిన ఊరి మసియే అర్థము చెప్పును.

రెండవ మాట ఇంకను విచిత్రమైనది. శిబిరములలోని యువకులను ఏరి, తుపాకి నిచ్చి, వారికి ప్రత్యేక పోలీసు అధికారులని బిరుదు నిచ్చిరి. జనులు వారిని కోయ కమాండోలనిరి. ఆ నియామకమునకు మొదట ఆధారము 1861 నాటి పోలీసు చట్టము. పిదప ఛత్తీస్‌గఢ్ వారి 2007వ సంవత్సరపు చట్టము. అల్లరి చెలరేగినప్పుడు ఊరి పెద్దమనుష్యులకు కొద్దిదినములు లాఠీ పట్టు అధికారమిచ్చుటకు తెల్లదొరలు వ్రాసికొన్న నిబంధనను, సంవత్సరముల తరబడి సాగు అడవియుద్ధమునకు పొడిగించిరి. అధికారి యను బిరుదు పొందినవానికి మొదట నెలకు 1,500 రూపాయలు, పిదప 3,000 రూపాయలు గౌరవవేతనము. జీతము కాదు, గౌరవవేతనము. చదువు విషయమున అయిదవ తరగతి ఉత్తీర్ణులైనవారికి ప్రాధాన్యము. అనగా అదియు లేనివారికిని అవకాశము కలదన్నమాట. శిక్షణ రెండు నెలలు. 2011 నాటికి వారి సంఖ్య సుమారు 6,500. అప్పటికే వారిలో 173 మంది ప్రాణములు విడిచిరని ప్రభుత్వమే న్యాయస్థానమునకు నివేదించినది. భాష, వేషము, వంశము, గోత్రము ఒక్కటే అయిన ఇద్దరు బాలురలో ఒకడు దళములో చేరెను, ఒకడు శిబిరమున చేరెను. ఇద్దరికిని బడి లేదు. ఇద్దరికిని తుపాకి మాత్రము దొరికినది.

ఈ ఏర్పాటును ప్రశ్నించుచు 2007లో సర్వోన్నత న్యాయస్థానమునకు వెళ్లినవారు సమాజశాస్త్రజ్ఞురాలు నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ. 2011 జూలై 5వ తేదీన తీర్పు నిచ్చినవారు న్యాయమూర్తులు బి. సుదర్శనరెడ్డి, ఎస్.ఎస్. నిజ్జర్. ప్రభుత్వము తన పక్షమున చెప్పికొన్న హేతువులు మూడు. ఈ యువకులకు అడవి తెలియును, భాష తెలియును, మావోయిస్టుల చేతిలో బంధువులను పోగొట్టుకొనిరి గనుక పట్టుదలతో పోరాడుదురు. మొదటి రెండు హేతువులును నిజమే. మూడవది విన్నప్పుడు ఏ విజ్ఞుడైనను ఉలికిపడవలెను. పగతో కాలుచున్నవాని చేతికి తుపాకి ఇయ్యరాదనుట శాంతిపర్వము చదివినవారికే గాక చావడిలో పంచాయితీ తీర్చు ముసలివారికిని తెలిసిన సంగతి. అట్టి దానిని రాజ్యము అర్హతగా ఎంచినది. చట్టమెట్టిదో, ఆత్మరక్షణకును హత్యకును హద్దు ఎచ్చటనో గ్రహింపజాలని చదువుతో యువకుని యుద్ధమున నిలుపుట అతని సమానత్వహక్కునకును జీవించు హక్కునకును భంగకరమని, అతనికి ఎదురుపడిన పౌరుని ప్రాణమునకును ముప్పని, రాజ్యాంగపు 14, 21 అధికరణములు దీనిని సహింపవని న్యాయస్థానము నిర్ణయించినది. ఆయుధములు వెనుకకు తీసికొనుమని, కేంద్రము ధనమిచ్చుట మానుమని ఆదేశించినది.

ఆ తీర్పులో పలువురు చదువక విడిచిన ఆదేశమొకటి కలదు. ఇదివరకు ప్రత్యేక పోలీసు అధికారులుగా పనిచేసినవారి ప్రాణములకు ప్రభుత్వము తగిన రక్షణ కల్పింపవలెనని ఆ న్యాయమూర్తులు ఆజ్ఞాపించిరి. తుపాకి తీసికొన్న మరునాడు ఆ యువకుడు దళమునకు ఎర యగునని వారికి తోచినది. ఇంతటి వివాదములో రెండవ ముల్లును మనుష్యుడుగా చూచి, అతని రేపటి దినమును తలచినవారు ఆ ఇద్దరే. అట్టివారిని కార్యజ్ఞానము లేని ధర్మపన్నాల వారని నిందించుట వింత.

భారతము చదివినవారికి ఈ కథ కొత్తది కాదు. ద్రోణపర్వమున రాత్రియుద్ధమునందు ఘటోత్కచుని ముందునకు పంపిరి. అతడు హిడింబ కొడుకు, అడవిలో పెరిగినవాడు, రాజధానిలో సింహాసనమునకు వారసుడు కానివాడు. అర్జునుని కొరకు కర్ణుడు దాచికొన్న శక్తి యొక్కసారి మాత్రమే ప్రయోగింపదగినది. అది అడవిబిడ్డ రొమ్మున నాటి ఖర్చైపోయినది. పాండవులు ఏడ్చుచుండగా కృష్ణుడు హర్షించెను. అంతతో ఆగక, కర్ణుడు చంపకున్నచో ఏదో యొకనాడు ఘటోత్కచుని తానే చంపవలసి వచ్చెడిదని పలికెను. వ్యాసుడు ఈ మాటను దాచలేదు. గెలిచినవారి పక్షమునుండి కథ చెప్పుచునే, గెలుపునకు వెల చెల్లించినదెవరో వ్రాసిపెట్టెను. బస్తరు కథ చెప్పువారికి ఆపాటి నిజాయితీయైనను ఉండవలదా?

2025 ఆగస్టులో ఈ తీర్పు మరల రచ్చకెక్కినది. సుదర్శనరెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షముల అభ్యర్థిగా నిలిచిన సందర్భమున, ఆ తీర్పే లేకున్నచో నక్సలైటు హింస 2020 నాటికే ముగిసియుండెడిదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఆరోపించిరి. విశ్రాంత న్యాయమూర్తులు ఆ మాటపై రెండు పక్షములుగా చీలి ప్రకటనలు చేసిరి. ఎన్నిక ముగిసినది, సుదర్శనరెడ్డి ఓడిరి. ఆరోపణ మాత్రము జనుల చెవులలో మిగిలినది. అది వ్యక్తిని గూర్చిన నింద అయినచో వదలివేయవచ్చును. చరిత్రను గూర్చిన వాదము గనుక తేదీలతో పరీక్షింపవలెను.

సల్వా జుడుం నిండు బలముతో ఉండిన కాలమేది? 2005 నుండి 2011 వరకు. ఆ కాలమున జరిగినదేమి? 2006 జూలైలో ఎర్రబోరు శిబిరముపై మావోయిస్టులు పడి 30 మందికి పైగా ఆదివాసులను చంపిరి. 2007 మార్చి 15న రాణీబోద్లి స్థావరమున 55 మంది హతులైరి. వారిలో ఎక్కువమంది ప్రత్యేక పోలీసు అధికారులే. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల వద్ద 76 మంది జవానులు, అత్యధికులు సి.ఆర్.పి.ఎఫ్. వారు, ఒక్క ఉదయమున నేలకొరిగిరి. ఈ ఘోరములన్నియు తీర్పునకు ముందువే. మందు వాడుచుండగనే రోగము ముదిరినది. మందు మాన్పించిన వైద్యుని వలన ముదిరినదనుట ఏ తర్కము? జుడుం ఊళ్లను కాల్చిన కొలది, అంతవరకు ఎటును చేరని యువకుడు పగతో దళము వెంట పోయెను. రాజ్యము శత్రువునకు సైన్యమును సమకూర్చి పెట్టినది. 2008లో ప్రణాళికా సంఘము నియమించిన నిపుణుల బృందము సయితము ఈ పద్ధతిని తప్పుపట్టినది. ఆ బృందములో ఎస్.ఆర్. శంకరన్, కె. బాలగోపాల్ వంటి తెలుగునాట పనిచేసినవారితో పాటు పోలీసు శాఖలో ఉన్నత పదవులు నిర్వహించినవారును ఉండిరి.

ఇక తీర్పు ఆపినదన్న మాట. తీర్పు వెలువడిన కొద్ది వారములలోనే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసి, తరువాత చట్టము చేసి, ఆ యువకులనే సహాయక సాయుధ పోలీసు దళముగా నామాంతరము చేసినది. వేతనము పెరిగినది, పేరు మారినది, తుపాకి చేయి మారలేదు. ఆ చట్టము చేయుట కోర్టు ధిక్కారమనుచు వేసిన అర్జీని సర్వోన్నత న్యాయస్థానము 2025 మేలో ముగించుచు, శాసనసభ చట్టము చేయుట ధిక్కారము కాజాలదని పలికినది. చట్టరీత్యా అది సరియే కావచ్చును. కాని ఆ నిర్ణయమే ఒక సంగతిని బయలుపరచుచున్నది: 2011 తీర్పు వలన ఆ యువకులు యుద్ధమునుండి తొలగింపబడలేదు. అమలు కాని ఆజ్ఞను అపజయమునకు కారణముగా చూపువాడు, తాగని మందు వికటించినదని ఫిర్యాదు చేయు రోగి వంటివాడు.

ఆ తీర్పు ఆదేశించిన దర్యాప్తు ఏమైనది? 2011 మార్చిలో తాడిమెట్ల, మోర్పల్లి, తిమ్మాపురము గ్రామములలో రెండు వందలకు పైగా ఇండ్లు కాలినవి. అయిదేండ్ల తరువాత సి.బి.ఐ. తాడిమెట్ల దహనమును గూర్చి అభియోగపత్రము వేసినప్పుడు అందులో నిందితులుగా తేలినవారు ప్రత్యేక పోలీసు అధికారులే. దండును నడిపించినవారి పేర్లు కాక, దండులో చిట్టచివరి వరుసవారి పేర్లు కాగితమున కెక్కినవి. నడిపించిన చేయి కనబడదు, గుచ్చిన ముల్లే కనబడును.

ఎదుటి పక్షమున మిక్కిలి బలమైన వాదము మరియొకటి కలదు. దానిని తప్పించుకొనుట న్యాయము కాదు. 2008 మొదలుకొని కొన్ని జిల్లాలలో ఆరంభమై క్రమముగా బస్తరు అంతట వ్యాపించిన జిల్లా రిజర్వు గార్డు దళము స్థానిక యువకులతోను, లొంగిపోయిన మావోయిస్టులతోను ఏర్పడినది. అడవి తెలిసినవారు గనుకనే వారు బయటినుండి వచ్చిన పటాలములు చేయలేనిది చేసిరి. 2025 మే 21న అబూజ్‌మాడ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళము జిల్లా బిడ్డ, నంబాళ కేశవరావు హతుడైనది వారి చేతనే. స్థానికుని బలము లేక ఈ యుద్ధము గెలువ వీలుకాదని అనుభవము చెప్పుచున్నదిగదా అని ప్రశ్నింతురు.

ప్రశ్న సమంజసమైనది. స్థానికుని పోలీసులో చేర్చుకొనుట తప్పు కాదు, అవసరము. తన జిల్లా పోలీసులో తన భాష మాటాడువాడు లేకపోవుటయే బస్తరు దురవస్థలలో ఒకటి. యూనిఫారము, నిండు జీతము, తగిన శిక్షణ, పింఛను, తప్పు చేసినచో విచారణ, ఇవి యున్న కానిస్టేబులు వేరు. గౌరవవేతనముతో దండు ముందు నడచు బాలుడు వేరు. ఈ భేదమునే 2011 తీర్పు కోరినది. కాని లొంగిపోయినవాని సంగతి విడిగా ఆలోచింపవలెను. దంతేవాడ పోలీసులు 2020లో ఆరంభించిన పిలుపునకు లోన్ వర్రాటు అని పేరు. గోండిలో ఇంటికి తిరిగి రండని అర్థము. ఎంత చక్కని మాట! ఇంటికి రమ్మని పిలిచినవానిని ఇంటికి పోనిచ్చితిరా? 2023 ఏప్రిల్‌లో అరన్‌పూర్ రహదారిపై మందుపాతర పేలి 10 మంది జవానులు, వాహనచోదకుడు మరణించిరి. ఆ జవానులలో సగము మంది మునుపు మావోయిస్టులు. 2025 జనవరి 6న కుట్రు ప్రాంతమున అట్లే 8 మంది జవానులు, చోదకుడు బలియైరి. ఆ 8 మందిలో 5 గురు లొంగిపోయి వచ్చినవారే. ఇరువది యేండ్ల క్రిందట జుడుం పుట్టిన కుట్రు సీమయే అది. తుపాకి విడిచి వచ్చినవానికి మరల తుపాకియే జీవనోపాధియైనచో, అతడు పక్షము మారెనే గాని యుద్ధము విడువలేదు. అతడు ఇష్టపడియే చేరెనందురు. వెనుక దళము, ముందు పోలీసు, ఇంట ఆకలి ఉన్నవాని ఇష్టమును ఇష్టమని ఏ ధర్మశాస్త్రము పిలుచును?

అధికారి కష్టమును తక్కువ చేయరాదు. అడవి నడుమ స్థావరమున నిలిచిన యువ అధికారికి, ఎదుట వచ్చుచున్న మనిషి రైతో దళసభ్యుడో క్షణములో తేల్చుకొనవలసిన స్థితి. ఆ సంకటము నిజమైనది. కాని ఆ సంకటము ఎక్కువ కావలెనో తక్కువ కావలెనో నిర్ణయించునది రాజధానిలోని విధానము. 2012 జూన్‌లో సార్కేగూడ వద్ద రాత్రి సమావేశమైన గ్రామస్థులపై కాల్పులు జరిగి 17 మంది చనిపోయిరి. వారు మావోయిస్టులనుటకు ఆధారము లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ విచారణ సంఘము తేల్చినట్లు 2019లో లోకమునకు తెలిసినది. సత్యము తేలుటకు ఏడేండ్లు పట్టినది. ఆ ఏడేండ్లలో దళములకు ఆ ఊరు ఎంత పాఠము చెప్పియుండునో ఊహింపవచ్చును. 2021 మేలో సిల్గేర్ వద్ద స్థావరము వలదని గుమిగూడినవారిపై కాల్పులు జరిగి ముగ్గురు మరణించిరి. ఆ ఉద్యమమునుండి పుట్టిన మూలవాసీ బచావో మంచ్‌ను 2024 అక్టోబరులో ప్రభుత్వము నిషేధించినది. ఆయుధము పట్టినవానితో మాటలాడము, తుపాకి విడువుమందురు. తుపాకి లేక మాటలాడవచ్చినవానిని నిషేధింతురు. అప్పుడు ఊరి యువకుడు నేర్చుకొను నీతి యేమి?

మాటలు ఫలింపవనుట కూడ సత్యము కాదు. 2012లో సుక్మా కలెక్టరును మావోయిస్టులు అపహరించినప్పుడు, ఒకనాడు బస్తరు కలెక్టరుగా పనిచేసిన బి.డి. శర్మ, తెలుగు ఆచార్యుడు జి. హరగోపాల్ మధ్యవర్తులై ఆయనను ప్రాణములతో వెనుకకు తెచ్చిరి. వారి చేత తుపాకి లేదు, మాటపై నమ్మకము మాత్రము కలదు. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము, 2006 నాటి అటవీహక్కుల చట్టము గ్రామసభకు అడవిపై మాట చెప్పు అధికారము నిచ్చినవి. అవి అమలైన ఊరిలో దళమునకు చోటు తగ్గును. ఇది ధర్మోపదేశము కాదు, కార్యజ్ఞానము. బాలసంఘమున చేరిన పిల్లవానికి బడి, లొంగిపోయినవానికి యుద్ధముతో సంబంధము లేని జీవనోపాధి, గోండిలో వాంగ్మూలము వినగల న్యాయస్థానము, తప్పుచేసిన అధికారికి శిక్ష, ఇవి ఖర్చుతో కూడినవే. మందుపాతరకు చిక్కని వాహనము కంటె, ఏటేట పెరుగు పటాలముల కంటె ఎక్కువ ఖర్చు కాదు.

గోదావరికి ఈవల మన బాధ్యత కూడ కలదు. జుడుం కాలమున పారిపోయి వచ్చిన ముడియాలను, కోయలను తెలుగువారు గుత్తికోయలని పిలిచిరి. భద్రాచలము, ములుగు, చింతూరు అడవులలో వారు పోడు నరికికొని గుడిసెలు వేసికొనిరి. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగవారైన ఆ జనులకు ఇచ్చట ఆ గుర్తింపు దక్కలేదు. అటవీశాఖ వారు గుడిసెలు పీకివేసిరి, వారు మరల వేసికొనిరి. 2022 నవంబరులో పోడు తగవులో ఒక ఫారెస్టు రేంజి అధికారి హతుడైనప్పుడు, చంపినవారిని శిక్షింపవలెనను న్యాయమైన మాటతో పాటు, గుత్తికోయలందరిని సరిహద్దు దాటింపవలెనను అన్యాయపు మాటయు వినబడినది. ఒకరి నేరమునకు జాతినంతటిని శిక్షించుట జుడుం నేర్పిన పాఠమే. ఆ పాఠము గోదావరి దాటి మన చావడికి కూడ వచ్చినది.

కేంద్ర ప్రభుత్వము 2026 మార్చి 31ని నక్సలైటు హింస అంతమునకు గడువుగా ప్రకటించినది. 2025 అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో లొంగిపోయెను. కొద్దిదినములలోనే జగదల్‌పూర్‌లో 210 మంది ఆయుధములు దించిరి. నవంబరు 18న సుక్మా ఆదివాసి సేనాని మాడ్వి హిడ్మా మారేడుమిల్లి అడవిలో హతుడయ్యెను. తుపాకి శబ్దము తగ్గుట మేలు. దానిని కోరనివాడు బస్తరు హితైషి కాడు. కాని ముల్లు వెడలిన దినమున పుండు మానినదని తలచువాడు మూఢుడు.

ముల్లును గూర్చి లోతుగా ఆలోచించినవాడు కౌటిల్యుడు. ప్రజలను బాధించువారిని అణచు విధానమునకు అతడు తన అర్థశాస్త్రమున కంటకశోధనమని పేరు పెట్టి ఒక అధికరణమును కేటాయించెను. దొంగలను, మోసగాండ్రగు వర్తకులను అందులో చేర్చి ఊరకుండలేదు. అధికారమును దుర్వినియోగము చేయు రాజోద్యోగులను, అన్యాయముగ తీర్పరులను కూడ ఆ ముళ్లలోనే చేర్చి శిక్షలు విధించెను. దయాధర్మముల కొరకు కాక, రాజ్యము నిలుచుట కొరకే ఆ కఠినుడు ఆ నియమము చేసెను. కార్యసాధకులమని చెప్పికొనువారు తమ ఆదిగురువును పూర్తిగా చదువలేదు.

బస్తరులో నేడు వందలకొలది యువకులు కలరు. ఒకప్పుడు ప్రత్యేక పోలీసు అధికారులు, పిదప సహాయక దళమువారు, పిదప కానిస్టేబుళ్లు. మరికొందరు ఒకప్పుడు దళసభ్యులు, పిదప జవానులు. పండుగకు స్వగ్రామమునకు పోవలెనన్నచో వారికి ధైర్యము చాలదు. అచ్చట ఎవరి ఇల్లు ఎవరు కాల్చిరో, ఎవరి అన్నను ఎవరు పట్టి యిచ్చిరో అందరికిని తెలియును. పోలీసు వసతిగృహమే వారి ఊరు. విజయోత్సవపు వేదికపై వారిని పిలిచి దండలు వేయుదురు. మరునాడు వారిని ఊరికి చేర్చువారెవరు? ఊరివారికి వారిచేత క్షమాపణ చెప్పించి, వారికి ఊరివారిచేత అభయమిప్పించి, ఇరువురి నడుమ కూర్చుండి గోండిలో మాట నడపు పెద్ద యెవడు? ఆ పెద్దరికము వహింపనంతవరకు రాజ్యము ముల్లు తీసితినని చెప్పికొనరాదు. రెండవ ముల్లు ఇంకను దాని చేతిలోనే యున్నది.